పన్నెండేళ్ల డీజిల్ స్విఫ్ట్: క్లచ్ మార్చాలా, కారే మార్చాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. 2013 అక్టోబరులో రిజిస్టర్ అయిన స్విఫ్ట్ డీజిల్, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ నిజాంపేట నుంచి హైటెక్ సిటీ ఆఫీసుకి, నెలకోసారి ఖమ్మం. మెకానిక్ క్లచ్, సస్పెన్షన్, ఇంజెక్టర్లు కలిపి 75 వేలు అవుతుందన్నాడు. అమ్మితే 2,20,000 వస్తాయి, దానికి ఇంకొంచెం వేసి ఆరున్నర లక్షల్లో 2019 బ్రెజా డీజిల్ తీసుకుందామా అని అడుగుతున్నారు.

ఇప్పుడే వద్దు, అన్నా. ఇంజను గట్టిగా ఉందని తేలితే 2028 దాకా ఇదే నడపండి. తేలకపోతే అప్పుడు వేరే మాట.

నాది 2012 డిజైర్ డీజిల్. ఉప్పల్‌లో ఉంటాం, ఊరు సూర్యాపేట దగ్గర. లక్షన్నర దాటాక నాకూ దాదాపు ఇదే లిస్టు చేతికొచ్చింది. ఇంట్లో అందరూ "ఇంకెన్నాళ్లు ఈ డొక్కు బండి" అని మొదలుపెట్టారు, మా బావైతే తను అప్పుడే కొన్న సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీలో నన్ను కూర్చోబెట్టుకుని తార్నాక దాకా తిప్పి మరీ చూపించాడు (ఆ బండి కథ కింద ఉంది). నేను మాత్రం రిపేర్ చేయించుకున్నాను, ఇప్పటికీ అదే నడుపుతున్నాను.

"రెండు లక్షల బండికి 75 వేలు పెడతారా ఎవరైనా" అని మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు రిపేరు ఖర్చును బండి రేటుతో పోలుస్తున్నారు. నాకు ఆ పోలికలో అర్థం కనపడదు, ఎందుకంటే మీరేమీ దాన్ని అమ్మకానికి ముస్తాబు చేయట్లేదు, ఇంకో మూడేళ్లు తిరగడానికి డబ్బు పెడుతున్నారు. పోల్చాల్సింది అదే మూడేళ్లు ఇంకో బండిలో తిరిగితే ఎంతవుతుందన్న దానితో. ఆరున్నర లక్షల్లో మీ పాత బండి డబ్బు తీసేస్తే 4,30,000 కావాలి. సెకండ్ హ్యాండ్ కారు లోన్లకు వడ్డీ కొత్త కారు లోన్ కంటే ఎక్కువే ఉంటుంది, 13 శాతం అనుకుని నాలుగేళ్లకు లెక్కేస్తే ఈఎంఐ 11,500 దాటుతుంది, మొత్తం వడ్డీనే లక్షా ఇరవై వేల పైమాట. మీరు భయపడుతున్న 75 వేలు ఏడు ఈఎంఐలకు కూడా రావు. పైగా వచ్చే బండి ఊరికే నడవదు కదా. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, ఇన్సూరెన్స్, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు అన్నీ కలిపి మొదటి సంవత్సరానికే ఓ నలభై యాభై వేలు పక్కన పెట్టుకోవాలి. అదీకాక అమ్మేవాళ్లు క్లచ్ గట్టిపడి, సస్పెన్షన్ టకటకమన్నాకే అమ్ముతారు, మీరు ఇప్పుడు అమ్ముదామనుకుంటున్నట్టే.

ఇంకో తమాషా ఏంటంటే 2019 బ్రెజా డీజిల్‌లో ఉండేది మీ ఇంజనే. అదే ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. మీ స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్‌కి ట్యూన్ చేశారు, అందులో 90కి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (పొగ మీద కొత్త కఠిన నియమాలు) రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది, కాబట్టి ఆ కంపెనీ డీజిల్‌లో అంతకంటే కొత్తది మీకు దొరకదు. అంటే నాలుగు లక్షల ముప్పై వేలు కట్టి మీరు కొంటున్నది అదే ఇంజను, ఆరేళ్లు తక్కువ వయసుది, ఎవరు ఎలా నడిపారో తెలియనిది. మీ బండి చరిత్ర అంతా మీకు తెలుసు, ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఎక్కడ గుద్దుకుందో కూడా. స్పేర్లకైతే దిగులే లేదు, ఇదే ఇంజను రిట్జ్, ఎర్టిగా, పుంటో, ఇండికా విస్టా ఇలా అరడజను బండ్లలో వచ్చింది, రాణిగంజ్ వెళ్తే ఏ సామానైనా దొరుకుతుంది.

ఇక ఇంజను గట్టిగా ఉందో లేదో చూడటం. రామంతాపూర్‌లో నా బండి చూసే మెకానిక్‌ని అందరూ ఉస్తాద్ అంటారు. బండి తీసుకెళ్తే "రాత్రికి ఇక్కడే వదిలేసి పో, చల్లారాక చూస్తా" అన్నాడు. వేడి మీద ఏ డీజిలైనా బాగానే స్టార్ట్ అవుతుంది, అసలు రంగు పొద్దున్నే మొదటి సెల్ఫ్‌కి తెలుస్తుంది. మర్నాడు నా ముందే స్టార్ట్ చేశాడు, సైలెన్సర్ దగ్గర కూర్చుని పొగ చూశాడు. కాస్త నల్లగా వస్తే పట్టించుకోలేదు, నీలంగా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం అన్నాడు. తర్వాత ఇంజను నడుస్తుండగానే పైన ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తలకిందులుగా ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టి వదిలేశాడు. మూత ఎగిరెగిరి పడుతూ కింద నుంచి గుప్పుగుప్పుమని పొగ తంతే పిస్టన్ రింగులు అయిపోయినట్టు. నాది కొంచెం వణికి అక్కడే కూర్చుంది. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు ఉందేమో వేలు పెట్టి చూసి, "దీనికేం కాలేదు, క్లచ్ వేయించుకుని తిరుగు" అన్నాడు. మొత్తం పది నిమిషాల పని. మీరూ ఇది చేయించండి. రింగులు, హెడ్ గాస్కెట్, టర్బో ఈ మూడింట్లో ఏదైనా పోయిందని తేలితే నేను పైన చెప్పిందంతా మర్చిపోయి బండి అమ్మేయండి.

మీ 75 వేల లిస్టును కూడా విడగొట్టి అడగండి. క్లచ్ తప్పదు, మాదాపూర్ ట్రాఫిక్‌లో దాంతో ఆడుకోలేరు. సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు ఇప్పుడు, షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారుతుంటేనే మార్చాలి. ఇంజెక్టర్లు నాలుగూ ఒకేసారి మార్చాలంటే మాత్రం ఆగండి. విప్పి డీజిల్ పంపు షాపులో మెషిన్ మీద టెస్ట్ చేయించండి, ఒక్కో దాని నుంచి రిటర్న్ (వాడకుండా వెనక్కి పోయే డీజిల్) ఎంత వస్తోందో చూపిస్తారు. నావి రెండే బాగాలేవని తేలింది, అవి కూడా సర్వీస్ చేస్తే సరిపోయింది.

ఇప్పుడు మా బావ బండి. 2020 బీఎస్6 డీజిల్, చూడ్డానికి కొత్తదానిలా ఉంది. బీఎస్6 డీజిల్స్‌కి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక లోపలే కాలిపోవాలి, కాలాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో వెళ్లాలి. మా బావ వెళ్లేది మల్కాజిగిరి నుంచి తార్నాక, ఐదారు కిలోమీటర్లు, అన్నీ సిగ్నళ్లే. కొన్న కొద్ది నెలలకే డాష్‌బోర్డు మీద లైటు వెలగడం మొదలైంది. ఇప్పుడు వీలైన ఆదివారం పొద్దున్నే ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి, టిఫిన్ చేసి వస్తాడు. కారుని వాకింగ్‌కి తీసుకెళ్లొస్తున్నావా అని మా అక్క ఏడిపిస్తుంది. మీకు ఖమ్మం ప్రయాణం ఉంది కాబట్టి అంత ఇబ్బంది రాకపోవచ్చు, కానీ ఆఫీసుకి తప్ప ఎక్కడికీ వెళ్లనివాళ్లు బీఎస్6 డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది. మీ బీఎస్4 బండికి ఆ ఫిల్టరే లేదు.

పోనీ పెట్రోల్‌కి మారితే? నెలకు 900 కిలోమీటర్లు అనుకుందాం. డీజిల్ లీటరుకి 18 ఇచ్చి రేటు 96 ఉంటే 4,800. పెట్రోల్ 14 ఇచ్చి 107 రూపాయల రేటు ఉంటే 6,900 దాకా. తేడా నెలకు రెండు వేల చిల్లర, ప్రాణం మీదికొచ్చేంత కాదు. అందుకే 2028లో మార్చేటప్పుడు పెట్రోల్ గురించి మొహమాటం లేకుండా ఆలోచించండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవి చూస్తే మంచిది, అప్పటి నుంచి వచ్చినవి 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ని తట్టుకునేలా చేశారు.

పదేళ్లు దాటిన డీజిల్‌ని బ్యాన్ చేస్తారని టెన్షన్ పడుతున్నారు కదా, ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డరుతో మొదలైంది. మన దగ్గర అలాంటిది లేదు. మీ ఆర్‌సీ 15 ఏళ్లకు, అంటే 2028 అక్టోబరు దాకా చెల్లుతుంది. ఆ తర్వాత ఆర్టీఏలో బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు, రెన్యువల్ ఫీజే 5,000. అక్కడికొచ్చాక మార్చడమా, పొడిగించడమా అనేది అప్పటి బండి పరిస్థితి చూసి తేల్చుకోవచ్చు. ఆ ఢిల్లీ రూల్ వల్లే అక్కడి బండ్లు ఇక్కడ చవగ్గా కనపడతాయి, ఎన్ఓసీ (అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకుని మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి.

ఇంత చెప్పినా మీకు బ్రెజా మీదే మనసుంటే, రేటు మాత్రం గట్టిగా బేరమాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన సెస్సు కూడా పోయింది, కొత్త బండే తగ్గినప్పుడు పాతది పాత రేటుకి ఎందుకు కొనాలి? హైదరాబాద్ బండి అయితే 2020 అక్టోబరు వరదల్లో మునిగిందేమో తప్పకుండా చూడండి. సీటు బెల్టుని చివరిదాకా లాగితే లోపలి భాగంలో మట్టి గీత కనపడుతుంది, పైన ఎంత పాలిష్ చేసినా అక్కడిదాకా ఎవరూ తుడవరు. సీటు కింద పట్టాలకు తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసుల చిట్టా అడిగితే మీటరు తిప్పారో లేదో కూడా తెలిసిపోతుంది.

మీ బండి ఎప్పుడు అమ్మినా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి. ఆ డిస్కౌంటు మీది, బండిది కాదు, ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా ఉంటుంది, మూడేళ్ల లోపు ఇంకో కారుకి వాడుకోవచ్చు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలిచ్చేసి ఊరుకోకండి, ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారేదాకా వెంటపడండి, లేకపోతే వాళ్ల చలాన్లన్నీ మీ ఫోన్‌కే వస్తాయి.

ఉస్తాద్‌కి చూపించాలనుంటే మెసేజ్ పెట్టండి, ముందురోజు సాయంత్రమే బండి వదలాలి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు షెడ్డు మూసుంటుంది.