ఇంటర్వ్యూలో విష్ అనాలా, హోప్ అనాలా?

కర్నూలు ఇంటర్వ్యూకి మీరు రాసుకున్న ‘ఐ విష్ ఐ విల్ గెట్ దిస్ జాబ్’లో తప్పంతా విష్ దగ్గరే ఉంది. ‘ఈ ఉద్యోగం రావాలని కోరుకుంటున్నా’ అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి మార్చేసరికి ఇలా అయింది.

1. జరిగే అవకాశం ఉంటే హోప్. ‘ఐ హోప్ ఐ గెట్ దిస్ జాబ్’. మీకు కావాల్సింది ఇదే.

2. ఇప్పుడు లేనిదాని కోసమైతే విష్. చాలామంది వదిలేసేది ఇక్కడే: విష్ తర్వాత వచ్చే వాక్యంలో క్రియ భూతకాలంలోకి పోవాలి. అనంతపురంలో ఉంటూ ‘కడపలో ఉంటే బాగుండు’ అనుకుంటే ‘ఐ విష్ ఐ లివ్డ్ ఇన్ కడప’. లివ్డ్ అన్నా చెప్పేది ఇప్పటి సంగతే. అయిపోయినదానికి ఇంకో మెట్టు వెనక్కి, హ్యాడ్ చేర్చాలి: ‘ఇంకా చదివుంటే బాగుండేది’ అనడానికి ‘ఐ విష్ ఐ హ్యాడ్ స్టడీడ్ మోర్’.

దరఖాస్తులో ‘ఐ విష్ టు అప్లై’ రాయొచ్చు. అది వాంట్‌కే మర్యాద రూపం, పై నియమం దానికి లేదు.

3. ఇంటర్వ్యూలో ఏదైనా అడిగేటప్పుడు ‘ఐ వాంట్’ కొంచెం దురుసుగా వినిపిస్తుంది. ‘ఐ వుడ్ లైక్ టు’ అనండి. కోరుకోవడం అనే అర్థమే ఉన్నా డిజైర్ జోలికి పోవద్దు, మాటల్లో మరీ బరువుగా ఉంటుంది.