సండే స్కూల్ మొదలుపెట్టబోయే మా మేనకోడలికి

చిట్టితల్లీ, వందనాలు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, వచ్చే నెల నుంచి మీ సంఘంలో పన్నెండేళ్ళ పిల్లల క్లాసు నీకు ఇచ్చారని, ఆత్మ ఫలం మీద తొమ్మిది వారాలకి పాఠాలు రాసుకుంటున్నావని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మా అమ్మ, నేను, ఇప్పుడు నువ్వు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, మధ్యలో కోప్పడితే భరించు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పాఠం శనివారం రాత్రి కాదు, బుధవారమే మొదలుపెట్టు. బంగారు వాక్యం పిల్లల కంటే ముందు నువ్వు కంఠతా పట్టు. క్లాసుకి పావుగంట ముందు వెళ్ళు. అంతే.

బైబిల్లో గలతీ పత్రిక 5వ అధ్యాయంలో "ఆత్మ ఫలమేమనగా" అని ఉంది చూడు, ఫలములు అని లేదు. ప్రేమ, సంతోషం మొదలుకుని మంచి గుణాల మాటలు తొమ్మిది, ఫలం ఒక్కటే. ఈ వారం దయాళుత్వం అయిపోయింది, వచ్చే వారం మంచితనం అని చెప్పుకుంటూ పోతే అది లెక్కల సిలబస్ అవుతుంది. యోసేపు కథ పదిహేడేళ్ళ పిల్లాడిగా మొదలవుతుంది, ఫరో ముందు నిలబడేసరికి ముప్పై ఏళ్ళు, మధ్యలో బానిసత్వం, చెరసాల. మన ఒంగోలు వైపు వాళ్ళం 1878లో గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను, కానీ ఆ మర్నాటి నుంచి ఒక్కొక్కరి నడత మారడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆ లెక్క ఎవరి దగ్గరుంటుంది? నీకేమో తొమ్మిది ఆదివారాలకే అంతా అయిపోవాలి. చార్టు కూడా గీశావట కదా, పేర్ల పక్కన స్టార్లు. ఆ చార్టు మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

1987 కోత పండుగ. నాకు ఇరవై ఆరేళ్ళు, నోరు అచ్చం నీ నోరే. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు మందిరం ముందు వేలం వేశారు. ఆ డబ్బు లెక్కపెడుతుంటే నా క్లాసు పిల్లాడు ఒకడు రేకు డబ్బాలోంచి నోట్లు తీసి నిక్కరు జేబులో కుక్కుకోవడం కళ్ళారా చూశాను. ముప్పై రూపాయలు. అప్పుడేమీ అనలేదు. మంచి పాఠం దొరికిందని ఆదివారం దాకా దాచుకున్నాను, చూడు నా తెలివి. ఆదివారం ఫ్లానెల్ బోర్డు మీద, బైబిల్లో దొంగతనం చేసి దొరికిపోయిన ఆకాను బొమ్మ పెట్టి, వాడు ఎరికోలో తీసిన షీనారు పైవస్త్రం, రెండువందల తులాల వెండి, బంగారు కమ్మి, వాటిని డేరాలో పాతిపెట్టడం, చివరికి ఆకోరు లోయలో రాళ్ళతో కొట్టడం, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆ పిల్లాడి ముఖంలోకే చూశాను. మిగతా పిల్లలంతా నా చూపు వెంట తిరిగి వాణ్ణే చూశారు. పేరు చెప్పలేదు నేను. చెప్పాల్సిన పని లేకపోయింది.

సాయంత్రానికి పల్లెంతా వాడి పేరు ఆకాను.

ఇలాంటి కథల్లో ఆఖరికి ఆ పిల్లాడు తల్లి మందుల కోసమే తీశాడని తేలుతుంది కదా. అదేం తేలలేదు. వాడు సినిమాకే వెళ్ళాడు, పునుగులు తిన్నాడు. తప్పు వాడిదే. అందుకే ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకోగలిగాను, అబద్ధమేమీ ఆడలేదు కదా అని. వాడు మళ్ళీ సండే స్కూలుకి రాలేదు. వాళ్ళమ్మ వచ్చేది, ఆఖరి వరసలో కూర్చుని ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్ళిపోయేది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉండేవాళ్ళు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు నేను.

మూడేళ్ళ క్రితం ఆమె భూస్థాపనకి వాడొచ్చాడు. తల నెరిసింది, పక్కన ఎదిగిన కొడుకు. వెనకనుంచి ఎవరో ముసలాయన "ఆకాను వచ్చాడర్రా" అన్నాడు, వెక్కిరింపుగా కాదు, వాడి పేరే అదన్నట్టు. కొడుకు తల తిప్పి చూశాడు. వాడు నా దగ్గరికొచ్చి, "బాగున్నారా టీచరమ్మా" అన్నాడు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. "భోజనం చేశావా నాయనా" అన్నాను.

నువ్వు పాఠాలు రాసుకుంటున్న ఆ అధ్యాయం దాటగానే 6వ అధ్యాయం మొదటి వచనం చదువు, తప్పులో చిక్కుకున్నవాడిని "సాత్వికమైన మనస్సుతో" మంచి దారికి తీసుకురమ్మని ఉంటుంది. 1987లో కూడా అది నాకు కంఠతా వచ్చు. మత్తయి 18లో ప్రభువు ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించమన్నాడు, అదీ వచ్చు. పౌలు, బర్నబాలతో సువార్త పనికి వెళ్ళిన మార్కు పంఫూలియలో ఆ పనిని వదిలేసి వెళ్ళిపోతే పౌలు మళ్ళీ చేర్చుకోనన్నాడు, బర్నబా వెంటబెట్టుకుపోయాడు, చివరికి ఆ పౌలే మార్కుని తీసుకురా, నాకు పనికొస్తాడని తిమోతికి రాశాడు. మా వాడికి బర్నబా దొరకలేదు. నాలుగిళ్ళ అవతల ఉన్నదాన్ని నేనే. ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురుని చూడు, ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, ముందు తినమన్నాడు ప్రభువు. అడగాల్సింది తిన్నాక అడిగాడు.

అందుకని ఆ చార్టు చింపెయ్. కోపం రావద్దు, నువ్వు కష్టపడి గీశావని తెలుసు, స్టార్లు కొన్న డబ్బులు నేనిస్తాను. ఏ పిల్లాడైనా తప్పు చేస్తే ఆ సంగతి క్లాసులో ఎత్తకు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అసలే ఎత్తకు. ఇంకోటి, "ఫలానా పిల్లాడి కోసం ప్రార్థించండి" అని నలుగురికీ చెప్పడం. మన సంఘాల్లో చాడీలు సగం ప్రార్థన విన్నపాలుగానే బయటికొస్తాయి, నేనూ చేశాను. నీ ప్రార్థన నువ్వు చేసుకో. తర్వాత వాళ్ళింటికి వెళ్ళు, ఏదైనా తినడానికి పట్టుకెళ్ళు.

నువ్వు బాగా చెప్తావే. అదే నా భయం. కథ బాగా చెప్పేవాళ్ళకి పిల్లల ముఖాలు కనబడవు.

నా ఫ్లానెల్ బొమ్మలు మీ నాన్నతో పంపిస్తున్నాను, బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. దావీదు గొర్రెపిల్లకి ఒక కాలు ఊడిపోయింది, జిగురు పెట్టుకో. ఆకాను బొమ్మ కోసం వెతక్కు, అందులో లేదు. ఆవకాయ కూడా పెట్టాను, దాని మూత బిగించి పంపమని మీ నాన్నకి రెండుసార్లు చెప్పాను, నువ్వూ ఓసారి గుర్తుచెయ్.

మీ మేనత్త