ఏడో సింఫనీ మీద వ్యాసం రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

బీతోవెన్ ఏడో సింఫనీ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీకది ఎంత నచ్చిందో ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. ‘అద్భుతం’, ‘అమోఘం’, ‘మాటలకందని అనుభూతి’, ‘ఒళ్ళు గగుర్పొడిచింది’... పేజీల నిండా ఇవే. అబద్ధం రాశావని అనను. కానీ ఆ పేజీలు తీసుకెళ్ళి ఐదో సింఫనీ మీద పెట్టినా, బాలమురళి గారి తిల్లానా మీద పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. నాకు కొట్టొచ్చినట్టు కనిపించిన లోపం అదే. అయినా మాటలకు అందని దాని గురించి రాయడమే కదా మన పని! అందదని చేతులెత్తేస్తే పాఠకుడు మన దగ్గరికి రావడం ఎందుకు?

నాలుగు భాగాల్లో దాదాపు నలభై నిమిషాల ఆర్కెస్ట్రా సంగీతం అది. నలభై నిమిషాలూ ఏకధాటిగా ఒళ్ళు గగుర్పొడవదు. ఎక్కడో ఒక చోట నువ్వు చేస్తున్న పని ఆపేసి ఉంటావు. లేదా వెనక్కి జరిపి మళ్ళీ విని ఉంటావు. ఆ చోటు ఏది? అక్కడ ఏ వాయిద్యం వచ్చి చేరింది, ఏది తప్పుకుంది? అంతకు ముందు ఏం జరిగితే అది అలా తగిలింది? అవి రాయి. మెచ్చుకునే పని పాఠకుడికి వదిలెయ్.

ఈ సింఫనీని మొట్టమొదట విన్న జనం కూడా అలా ఒక చోటు పట్టుకున్నారు. 1813 డిసెంబర్ 8న వియన్నా విశ్వవిద్యాలయం హాల్లో కచేరీ. హానావ్ యుద్ధంలో గాయపడ్డ ఆస్ట్రియా, బవేరియా సైనికుల సహాయం కోసం పెట్టింది. నెపోలియన్ వెనక్కి తగ్గుతున్న రోజులు కాబట్టి జనం మంచి ఊపు మీద ఉన్నారు. మేల్జెల్ అనే ఆయన తయారుచేసిన ట్రంపెట్ ఊదే యంత్రం కూడా ఆ కార్యక్రమంలో ఉంది. తుపాకుల మోతలతో సహా యుద్ధాన్ని వినిపించే ‘వెల్లింగ్టన్ విజయం’ అనే బీతోవెన్ రచన ఇంకొకటి. నిజం చెప్పాలంటే ఆ రోజు హాలును ఎక్కువ ఊపేసింది ఆ తుపాకుల మోతే. ఇప్పుడు దాన్ని సరదాకి తప్ప ఎవరూ వాయించరనుకో. కానీ ఆ సందడి మధ్యలో కూడా సింఫనీ రెండో భాగం అయిపోగానే జనం ఊరుకోలేదు, మళ్ళీ వాయించమన్నారు. వాయించారు కూడా. మన పద్యనాటకాల్లో రాగం తీసి పద్యం ముగించగానే నేల టికెట్టు నుంచి ‘వన్స్ మోర్’ అని అరుపులు లేచేవి చూడు, అదే వరస. ఇప్పుడైతే భాగానికీ భాగానికీ మధ్య ఎవరైనా చప్పట్లు కొడితే పక్కవాళ్ళు వింతగా చూస్తారు.

ఆ రోజు ఆర్కెస్ట్రాలో లూయీ స్పోర్ అనే వయొలిన్ విద్వాంసుడు ఉన్నాడు. స్వయంగా స్వరకర్త కూడా. తర్వాత తన జ్ఞాపకాల్లో ఈ కచేరీ గురించి రాశాడు. అది నువ్వు తప్పకుండా చూడాలి. రెండో భాగం తన మీద లోతైన, చెరగని ముద్ర వేసిందంటాడు. వాయించినవాళ్ళనూ మెచ్చుకుంటాడు. అదే ఊపులో, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్‌గా బీతోవెన్ చేసిన పని కొన్నిచోట్ల నవ్వు తెప్పించేలా ఉందని కూడా రాసేస్తాడు. అప్పటికే ఆయనకు చెవులు సరిగా వినపడవు. సంగీతం మెత్తబడాలంటే మెల్లమెల్లగా వంగిపోయి దాదాపు మ్యూజిక్ స్టాండ్ కిందికి దూరిపోయేవాడట. పెద్దదవుతుంటే లేచి నిలబడి, ఉధృతం కాగానే గాల్లోకి ఎగిరేవాడట. ఒకసారి లెక్క తప్పి, ఆర్కెస్ట్రా ఇంకా నెమ్మదిగా ఉండగానే ఎగిరి, ఏమీ వినపడక కంగారుగా చుట్టూ చూశాడని రాశాడు. ఇవన్నీ చూసిన మనిషి ‘నా మీద చెరగని ముద్ర వేసింది’ అంటే నేను నమ్ముతాను. నువ్వు బీతోవెన్ చెవిటితనం మీద ఒక పేజీ రాశావు, ‘విధి వంచించిన మహామనీషి’ అంటూ. ఆ పేజీ మొత్తం కొట్టెయ్. స్పోర్ చూసిన ఆ ఎగరడం ఒక్కటీ ఉంచు.

ఇక రెండో భాగానికి వద్దాం. నువ్వు దాన్ని ‘కీరవాణి రాగంలో సాగే విషాదగీతం’ అన్నావు. రాగం పేరు చెప్పగానే మన పాఠకుడికి తెలిసినట్టే ఉంటుంది, నిజానికి ఏమీ తెలియదు. స్వరాలు అక్కడక్కడ కలిసినంత మాత్రాన అది కీరవాణి అయిపోదు. అక్కడ జరుగుతున్నది రాగ సంచారం కాదు. అలాగని స్కోరు (స్వరాలన్నీ రాసిపెట్టిన ప్రతి) తెలిసినవాళ్ళు వాడే పరిభాషంతా పట్టుకొచ్చి దించమనీ కాదు. మన చెవికి అలవాటైన పనిముట్లు మనకున్నాయి, వాటితోనే చూపించు.

మొదట ఏం వినిపిస్తుంది? ఒబోలు, క్లారినెట్లు, బసూన్లు, హార్న్‌లు అనే ఊదే వాయిద్యాలు కలిసి ఒక్క స్వరగుచ్ఛం (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) ఊది, దాన్ని గట్టిగా మొదలుపెట్టి సన్నబడేదాకా పట్టుకుంటాయి. వినగానే ఏదో తేలనట్టు, కాలు నేలకు ఆననట్టు ఉంటుంది. కారణం ఉంది. షడ్జం అడుగున ఉండాల్సిన చోట పంచమాన్ని అడుగున పెట్టాడు. ఆ తర్వాత వయొలాలు, చెల్లోలు, డబుల్ బేస్‌లు, అంటే వయొలిన్ కన్నా పెద్ద తీగవాయిద్యాలు, కింది స్థాయిలో మొదలుపెడతాయి. పాట అందామంటే పెద్దగా పాటే లేదు. పైన వినిపించే గీత చాలాసేపు దాదాపు ఒకే స్వరం మీద నిలబడుతుంది. ఉన్నదంతా లయ. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, మళ్ళీ రెండు దీర్ఘాలు. మన ఛందస్సు లెక్కలో చెప్పు: భగణం, దాని వెనక గగం. ‘రాముడు రాజా, రాముడు రాజా’ అని మెల్లగా అనుకుంటూ విను, సరిగ్గా సరిపోతుంది. రెండూ నాలుగు మాత్రల గణాలే, కందంలో మనం రోజూ చూసేవే. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి, అక్కడ స్వరాల నిడివీ అంతే. ఈ ఒక్క మాట రాసి ఉంటే, సింఫనీ పేరు కూడా వినని తెలుగు మేష్టారు ఎవరైనా నీ వ్యాసం పట్టుకుని వేళ్ళ మీద లెక్క వేసుకునేవాడు.

తర్వాత ఆ గణాలు ఎక్కడా ఆగవు. రెండో వయొలిన్లు (ఆర్కెస్ట్రాలో వయొలిన్లు రెండు జట్లు) వాటిని అందుకుంటాయి. అప్పుడు వయొలాలూ చెల్లోలూ ఖాళీ అయ్యాయి కదా, వాటికి బీతోవెన్ ఒక పొడుగాటి పాటలాంటి గీత ఇచ్చాడు. అసలు పాట అదేనేమో అనిపిస్తుంది. ఆ పైన గణాలు మొదటి వయొలిన్లకు వెళ్తే, పొడుగు గీత రెండో వయొలిన్లకు దిగుతుంది. ప్రతి చుట్టుకూ కొంచెం ఎత్తు, కొంచెం గట్టి. చివరికి మొత్తం ఆర్కెస్ట్రా, టింపనీ అనే పెద్ద డోళ్ళతో సహా. కొత్త విషయం ఒక్కటీ చెప్పకుండా, ఉన్నదాన్నే ఒకరి నుంచి ఒకరికి మారుస్తూ అంత ఎత్తుకు తీసుకెళ్ళాడు. నీకు ఒళ్ళు గగుర్పొడిచింది ఇక్కడే అని నా అనుమానం. మధ్యలో క్లారినెట్లు, బసూన్లు ఊరటగా వేరే పాట అందుకుంటాయి. అప్పుడు కూడా కిందికి చెవి పెట్టి విను, తీగలు మీటుతూ ఆ గణాలు నడుస్తూనే ఉంటాయి. చివర్లో పాట ముక్కలైపోయి ఒక్కో ముక్కా ఒక్కో వాయిద్యానికి దక్కి, మొదట ఊదిన అదే స్వరగుచ్ఛంతో, ఆ నేలకు ఆనని దానితోనే ముగిసిపోతుంది.

ఇది జనానికి ఎంత పట్టిందంటే, పారిస్‌లో 1821లో బీతోవెన్ రెండో సింఫనీ వాయిస్తూ, దాని సొంత నెమ్మది భాగం తీసి పక్కన పెట్టి, ఏడో దాని ఈ భాగాన్ని తెచ్చి అందులో అతికించారు. ఇప్పుడెవరైనా అలా చేస్తే కోర్టుకెళ్తారేమో. కానీ శ్రోతల ఇష్టానికి అంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనపడలేదు.

వాయించినవాళ్ళ సంగతి. నువ్వు కార్లోస్ క్లైబర్ అనే కండక్టర్ రికార్డింగ్ విన్నావు, వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో 1975-76లో చేసింది. మంచి ఎంపిక. కానీ ‘క్లైబర్ దేవుడు’ అని రాశావు. ఆయన అభిమానులంతా అదే అంటారు. చాలా తక్కువ కచేరీలు చేశాడు, ఒప్పుకున్నవీ రద్దు చేసుకునేవాడు, రికార్డింగులు పట్టుమని కొన్నే. దొరకని మనిషి చుట్టూ కథలు పెరగడం మామూలే. ఆ కథలు పక్కన పెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. మొదటి వయొలిన్లు నీ ఎడమ చెవిలో, రెండో వయొలిన్లు కుడి చెవిలో వినిపిస్తాయి. ఆయన వాళ్ళను పాత పద్ధతిలో ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. కాబట్టి ఇందాక చెప్పిన చేతులు మారడం నీకు అక్షరాలా కుడి నుంచి ఎడమకు వినపడుతుంది. వయొలిన్లన్నీ ఒక పక్కనే కూర్చున్న రికార్డింగుల్లో అది అంత విడిగా తెలియదు. ఇంకొకటి, ఈ భాగం చివరి స్వరాలు. అచ్చు స్కోరులో అక్కడ వయొలిన్లు మీటడం ఆపి కమాను అందుకోవాలని ఉంటుంది. క్లైబర్ కమాను వేయనివ్వడు, మీటుతూనే ముగిస్తాడు. ఆయన తండ్రి ఎరిష్ క్లైబర్‌దీ అదే పద్ధతి. నాకు అలా మీటడమే ఇష్టం. కాకపోతే స్కోరులో ఉన్నది అది కాదని తెలిసి ఇష్టపడుతున్నాను. నువ్వు రెండూ విని ఏది నచ్చిందో రాయి. నాతో ఏకీభవించాలని ఏమీ లేదు.

పక్కన పెట్టి వినడానికి ఫుర్ట్‌వాంగ్లర్ అనే ఇంకో కండక్టర్ రికార్డింగ్ తీసుకో. రెండో భాగానికి ఆయన పది నిమిషాల దాకా తీసుకుంటాడు. క్లైబర్‌కు ఎనిమిది చాలు. తర్వాత బీతోవెన్ వేగాలు అంకెల్లో ఇచ్చాడు, 1817లో అచ్చయ్యాయి. ఈ భాగానికి నిమిషానికి 76 దెబ్బలు. ఆ లెక్కన ఏడున్నర నిమిషాల లోపే అయిపోవాలి. (ఆ దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను అమ్మింది ఎవరనుకున్నావు? యంత్రంతో ట్రంపెట్ ఊదించిన ఆ మేల్జెలే.) పైగా బీతోవెన్ పెట్టిన గుర్తు అల్లెగ్రెట్టో, అంటే కాస్త చురుగ్గా అని. నువ్వన్న విషాదగీతం సంగతి ఇక్కడ తేల్చుకోవాలి. ఫుర్ట్‌వాంగ్లర్‌ది వింటే శవయాత్రే. 76 దగ్గర వింటే నడక, అంతే. అందుకని ఫుర్ట్‌వాంగ్లర్ తప్పు చేశాడని రాయకు. గడియారం చూసుకుని సంగీతాన్ని తప్పుపట్టేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆ రెండు నిమిషాల తేడాలో నీకు ఏం మారిందో చూడు.

మొదటి, మూడో, నాలుగో భాగాల మీద కూడా సమానంగా రాయాలని పెట్టుకోకు. మొదటి దాంట్లో పరిచయం ముగిసి అసలు పరుగు మొదలయ్యే ముందు, ఒక్క స్వరాన్నే ఫ్లూట్లూ ఒబోలూ వయొలిన్లూ ఒకరికొకరు అందించుకుంటూ ఉండే చోటు ఉంది, అదొక్కటి చాలు. నాలుగోది నాకు మొదట్నుంచీ కొంచెం మోత ఎక్కువే అనిపిస్తుంది. అయినా ముగింపు దగ్గర చెల్లోలు, డబుల్ బేస్‌లు పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్య వదలకుండా తిరుగుతుంటే పైన మిగతా అందరూ పిచ్చెత్తినట్టు పోయే చోట మాత్రం నోరు మూసుకుని వింటాను.

అరువు మాటల గురించి కూడా చెప్పాలి. ఈ సింఫనీ నాట్యానికి పరాకాష్ఠ అని వాగ్నర్ అనే జర్మన్ స్వరకర్త 1849లో రాశాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా దీని మీద రాసిన ప్రతివాడూ అదే రాశాడు, నువ్వూ రాశావు. అది ఆయన విని ఆయన అన్నది. తీసెయ్. బీతోవెన్‌ను పిచ్చాసుపత్రిలో చేర్చాలని ఆ కాలపు ఇంకో స్వరకర్త వెబర్ అన్నాడనే మాట ఇంకా ప్రమాదం. వెబర్ రాతల్లో అది ఎక్కడా దొరకలేదు. చెప్పింది బీతోవెన్ దగ్గర కార్యదర్శిగా పనిచేసిన షిండ్లర్. బీతోవెన్ చనిపోయాక ఆయన సంభాషణ పుస్తకాల్లో (చెవులు వినపడవు కాబట్టి ఎదుటివాళ్ళు మాటలు రాసి చూపించినవి) తన మాటలు ఇరికించిన మనిషి అతను. ఆ సంగతి 1970లలో పరిశోధకులు బయటపెట్టారు. రుచిగా ఉన్న పిట్టకథ దొరికితే ముందు అది ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసుకో.

2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఇళయరాజా గారి సింఫనీ వాయించినప్పుడు మనవాళ్ళు ఎంత పొంగిపోయారో చూశావుగా. నేనూ పొంగిపోయాను. ఆ వారం నా కంట పడ్డ తెలుగు రాతల్లో ఆయన ఊరు, కష్టం, మనందరి గర్వం అన్నీ ఉన్నాయి. ఏ భాగంలో ఏ వాయిద్యం ఏం చేసిందో మాత్రం వెతికినా దొరకలేదు. ఆయన పాటల్లో వయొలిన్లు ఎక్కడ లేస్తాయో, బేస్ గిటార్ ఎక్కడ దారి మారుస్తుందో నోటితో పాడి చూపించే కుర్రాళ్ళు మన ఊళ్ళలో కొల్లలు. వాళ్ళకు చెవులున్నాయి. నువ్వు రాయాల్సింది వాళ్ళ కోసం. కాబట్టి పాఠకుడికి ఏమీ తెలియదని బెంగపెట్టుకుని మెతక మాటలు పోగెయ్యకు, అతనికి అర్థం కాదేమోనని టెన్షన్ పడకు.

రెండో భాగం ఒక్కదాన్నే పట్టుకుని తిరగరాసి పంపు. పొడుగు సగానికి తగ్గినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు

తా.క. మొదటి కచేరీ 1812లో జరిగిందని వేశావు. 1812 బీతోవెన్ రాయడం ముగించిన ఏడాది. జనం విన్నది మరుసటి ఏడాది డిసెంబర్‌లో. వ్యాసం మొదట్లోనే ఉంది ఆ అంకె, దిద్దుకో.