తిండి తగ్గించమంటే సరిపోతుందా?

ప్రశ్న: పీడియాట్రిక్స్ పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఓపీకి ఊబకాయంతో వచ్చే పిల్లలకు ‘తిండి తగ్గించండి, ఆడించండి’ అని చెప్పి పంపేస్తున్నాం. ఇందులోనే నైపుణ్యం రావాలంటే ఏం చదవాలి మేడమ్?
– ఒక పీజీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఎండీ తర్వాత పీడియాట్రిక్ ఎండోక్రైనాలజీలో, అంటే పిల్లల హార్మోన్ జబ్బుల్లో, మూడేళ్ల డీఎం (సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఉందమ్మా. సీట్లు తక్కువ. వస్తే తప్పక చెయ్యి, కానీ దానికోసం ఆగకు. లావు పిల్లల్లో హార్మోన్ జబ్బు ఉన్నవాళ్లు కొద్దిమందే. తిండివల్ల లావెక్కిన పిల్లలు మామూలుగా ఈడుకు తగ్గ పొడుగో, అంతకన్నా ఎక్కువో ఉంటారు. లావు పెరుగుతూ పొడుగు ఆగిపోయిందంటే థైరాయిడ్ లోపం, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) వెతకాలి. అందుకే ఎత్తు కొలవకుండా ఎవరినీ పంపకు. ఐదేళ్లు దాటితే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 ఎదుగుదల చార్టు తియ్యి. పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23, 27లకు సరితూగే గీతలు అందులో ఉంటాయి; మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం.

మెడ వెనక చూడు. నల్లగా, మందంగా ఉన్న చర్మాన్ని మురికనుకుని తల్లులు పీచుతో రుద్దుతుంటారు. నా దగ్గరకు వచ్చిన ఒక పదకొండేళ్ల పిల్లాడికి అలా రుద్ది రుద్ది పుండయింది. అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచెయ్యట్లేదన్న గుర్తు.

ఆ పిల్లాడి బరువు అంతకుముందు వేరేచోట వరండాలో, అందరి ముందు, ‘యాభై రెండు’ అని గట్టిగా చదివారట. నా గదిలో మిషన్ ఎక్కనన్నాడు. నేను బలవంతపెట్టలేదు. అమ్మను బయట కూర్చోబెట్టి, ట్యూషన్ అయ్యాక ఏం చేస్తావని అడిగాను. రోజూ తాతయ్య పది రూపాయలిస్తాడని, చిప్స్ ప్యాకెట్ కొనుక్కుంటానని చెప్పాడు. మూడోసారి వచ్చినప్పుడు తనే మిషన్ ఎక్కాడు. తాతయ్యను కూడా పిలిపించాం. ఇంట్లో అందరూ మారకుండా పిల్లాడొక్కడే మారడు.

ఇలా మాట్లాడటం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2023 మార్గదర్శకాల్లో కుటుంబంతో కూర్చుని చేసే చికిత్సకు 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు కావాలని ఉంది. మన ఓపీలో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరకడమే గగనం. కాబట్టి వారంలో ఒక మధ్యాహ్నం ఇలాంటి పిల్లలకే ఇవ్వమని మీ హెచ్ఓడీని అడుగు. డైటీషియన్ పక్కన కూర్చుని, ఒక ఇంట్లో నెలకు ఎంత నూనె, ఎంత పంచదార తెస్తారో అడగడం నేర్చుకో. ముందు మీ ఓపీలో బరువు మిషన్ వరండాలో ఉంటే తెరవెనక్కి మార్పించు.