పాత డెస్క్‌టాప్‌లో రెండో హార్డ్ డిస్క్: రాత్రి బాగానే ఉండి పొద్దున మొరాయిస్తే

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో 1 టీబీ డిస్క్ కొని, 2010 నాటి డెస్క్‌టాప్‌లో పాత డిస్క్ పక్కన మీరే బిగించారు. రాత్రి బాగానే పనిచేసింది, ఫొటోలు కూడా ఎక్కించారు. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వచ్చింది. కొత్త డిస్క్ వైరు పీకితే విండోస్ మామూలుగా వస్తోంది, పెడితే మళ్లీ అదే గొడవ. కొట్టువాడు పాత మాల్ అంటగట్టాడేమోనని మీ అనుమానం.

అంటగట్టాడో లేదో తర్వాత తేలుద్దాం. అచ్చం ఇదే బాధ నేను చెన్నైలో మూడు రోజులు పడ్డాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మా మావయ్యకి జార్జిటౌన్‌లో నోటు పుస్తకాల హోల్‌సేల్ కొట్టు ఉంది. అక్కడ 2009లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఒకటి: కోర్ 2 డ్యుయో, ఇంటెల్ జీ31 మదర్‌బోర్డు, 160 జీబీ డిస్క్, విండోస్ 7. మార్చమంటే మార్చడు, దానికేం, బిల్లులు వస్తున్నాయిగా అంటాడు. డిస్క్ నిండిపోయి ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్‌కి కూడా చోటు లేకపోతే, రిచీ స్ట్రీట్‌లో 1 టీబీ సాటా డిస్క్ (సాటా అంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్ రకం), ఒక డేటా కేబుల్ కొని శనివారం సాయంత్రం వెళ్లాను, అరగంట పని అనుకుని.

మొదటి దెబ్బ పవర్ దగ్గరే తగిలింది. ఆ పాత పవర్ సప్లైకి సాటా పవర్ ప్లగ్గులు రెండే ఉన్నాయి, ఒకటి పాత డిస్క్‌కి, ఇంకోటి డీవీడీ రైటర్‌కి. మిగిలినవన్నీ ఆ తెల్లటి నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గులు. మళ్లీ రిచీ స్ట్రీట్‌కి పరిగెత్తి మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ తెచ్చాను. (ఇది కొనేటప్పుడు సాటా వైపు ప్లగ్గు చూసి కొనండి. వైర్లను ప్లాస్టిక్‌లో ముద్దగా పోత పోసినవి వద్దు, లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయినవి ఉన్నాయి. వైర్లు విడివిడిగా కనబడుతూ వెనక చిన్న మూత ఉండే రకం అడగండి.) అన్నీ తగిలించి ఆన్ చేస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు సొంత ప్రోగ్రాం) కొత్త డిస్క్ జాడే లేదు. పోర్టు మార్చాను, కేబుల్ మార్చాను, లేదు. అప్పుడు డిస్క్ మీద అరచెయ్యి ఆనించి చూశాను. తిరిగే డిస్క్ అయితే సన్నటి వణుకు తెలుస్తుంది, ఇది రాయిలా ఉంది. కన్వర్టర్ పీకి టార్చ్ వేసి చూస్తే మోలెక్స్ ప్లగ్గులో పసుపు వైరు పిన్ను వెనక్కి జరిగిపోయి ఉంది. నేను బలంగా నొక్కినప్పుడు లోపలికి పోవాల్సింది పోయి వెనక్కి వచ్చేసిందన్నమాట. పసుపుది 12 వోల్టులు, డిస్క్ మోటారు తిరిగేది దాని మీదే. ఎరుపుది 5 వోల్టులు, అది సర్క్యూట్‌కి. ప్లగ్గు గోడలోంచి తీసేసి, సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ పిన్నును టిక్‌మనేదాకా ముందుకి తోశాను. ఈసారి డిస్క్ తిరిగింది, బయోస్‌లో పేరు కనబడింది.

మీకు ఈ అవస్థ లేదు, మీ డిస్క్ రాత్రి పనిచేసింది కాబట్టి పవర్, కేబుల్ రెండూ దాదాపు బాగున్నట్టే. అయినా ఇది ఎందుకు చెప్పానంటే, ఇలాంటి ప్రశ్నకి అందరూ ముందు ఫార్మాట్ కొట్టు, విండోస్ మళ్లీ వెయ్యి అంటారు. బయోస్‌కి డిస్క్ కనబడకపోతే విండోస్‌లో ఎన్ని చేసినా దండగ. బయోస్‌లో కనబడుతుంటే మాత్రం డిస్క్‌ని తిట్టే ముందు మిగతావి చూడాలి.

సరే, డిస్క్ కనబడింది గానీ విండోస్ రాలేదు, మీకు వచ్చిన మెసేజే వచ్చింది. దానికంటే ముందు ఇంకో మెసేజ్ కూడా వచ్చింది, ‘సీమాస్ చెక్‌సమ్ బ్యాడ్’ (అంటే బోర్డు దాచుకున్న బయోస్ సెట్టింగులు చెడిపోయాయని), సెటప్‌కి ఎఫ్1 నొక్కు, డిఫాల్ట్‌లతో ముందుకు పోవాలంటే ఎఫ్2 నొక్కు అని. డబ్బా విప్పాం కదా, ప్లగ్గు పీకాం కదా, అందుకే వచ్చి ఉంటుందిలే అనుకుని వదిలేశాను. అదే నేను చేసిన తప్పు. బయోస్‌లోకి వెళ్లి బూట్ మెనూలో హార్డ్ డిస్కుల వరుస చూస్తే కొత్తది పైన, పాతది కింద ఉంది. చాలా పాత బోర్డులు ఆ వరుసలో మొదటి డిస్క్‌ని మాత్రమే అడుగుతాయి, దాంట్లో విండోస్ లేకపోతే రెండోదాని జోలికి పోవు. పాతదాన్ని పైకి తెచ్చి, ఎఫ్10తో సేవ్ చేస్తే విండోస్ వచ్చేసింది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త డిస్క్‌ని ఇనిషియలైజ్ చేసి, పార్టిషన్ పెట్టి, మావయ్య ఇచ్చిన ఫిల్టర్ కాఫీ తాగి ఇంటికి వెళ్లాను.

ఆదివారం కొట్టుకి సెలవు. సోమవారం తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చింది.

‘‘ఒరే, నువ్వు పెట్టింది పెట్టావు, ఇప్పుడు అసలుదే రావట్లేదు.’’

ఫోన్లోనే చెప్పాను, ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉండమని. ‘‘డిలీట్ కొడితే లెక్కలన్నీ పోవుగదరా?’’ అన్నాడు. పోవని ఒప్పించి, ఒక్కో లైనూ చదివించుకుని, వరుస మార్పించేసరికి నలభై నిమిషాలు పట్టింది. మంగళవారం మళ్లీ అదే. ఇక ఆఫీసుకి లేటవుతుందని చెప్పి నేనే వెళ్లాను, డిస్క్ మార్పించుకుందామని బిల్లు కూడా జేబులో పెట్టుకుని.

వెళ్లేసరికి మావయ్య దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, మెయిన్ స్విచ్ వేసి, కంప్యూటర్ ఆన్ చేస్తున్నాడు. ఆ చెక్‌సమ్ మెసేజ్ రాగానే చదవకుండానే ఎఫ్2 నొక్కాడు. అదేంటి మావయ్యా అంటే, ‘‘అది ఎప్పుడూ అంతేరా, రెండు నొక్కితే పోతుంది, తర్వాత తేదీ సరిచేసుకోవాలి’’ అన్నాడు. ఎప్పటినుంచి అంటే రెండు మూడేళ్ల నుంచట! రోజూ పొద్దున్నే దీపం పెట్టడం, కంప్యూటర్‌కి తేదీ పెట్టడం. ఇదంతా మామూలే అనుకుని నాకు ఒక్క ముక్క చెప్పలేదు మహానుభావుడు.

డిస్క్ బిల్లు జేబులోనే ఉండిపోయింది. బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. కరెంటు ఉన్నంతసేపూ, అంటే కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా ప్లగ్గులో కరెంటు వస్తున్నంతసేపూ, బయోస్ సెట్టింగులకీ గడియారానికీ ఆ బ్యాటరీతో పెద్దగా పనిలేదు. మావయ్య రాత్రి కొట్టు మూసేటప్పుడు మెయిన్ ఆపేస్తాడు. అప్పుడిక బ్యాటరీ ఒక్కటే దిక్కు, అదేమో ఎప్పుడో చచ్చింది. పొద్దునకి బయోస్ అన్నీ మర్చిపోయి మొదటికొస్తుంది. ఒకే డిస్క్ ఉన్నన్నాళ్లూ మర్చిపోయినా నష్టం లేదు, ఉన్న ఒక్కదాన్నే కదా అడుగుతుంది. రెండోది వచ్చాక వరుస ముఖ్యమైపోయింది. అందుకే కొత్త డిస్క్‌దే తప్పు అన్నట్టు కనబడింది.

బ్యాటరీకి యాభై రూపాయలు కూడా కాలేదు. ప్లగ్గు పీకి, పక్కనున్న చిన్న క్లిప్పు నొక్కితే పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు ఉన్న వైపు పైకి వచ్చేలా కొత్తది పెట్టి, తేదీ, వరుస సరిచేసి సేవ్ చేశాను. దానితోపాటు ఇంకో పని చేశాను: పాత డిస్క్ కేబుల్‌ని బోర్డు మీద అన్నిటికన్నా చిన్న నంబరున్న సాటా పోర్టుకి, కొత్తదాన్ని తర్వాతి దానికి మార్చాను. చాలా బోర్డులు డిఫాల్ట్‌గా చిన్న నంబరునే ముందు చూస్తాయి కాబట్టి, రేపు ఈ బ్యాటరీ కూడా పోయినా మావయ్య నుంచి తొమ్మిదిన్నరకి ఫోన్ రాకుండా ఉంటుందని ఆశ.

ఇప్పుడు మీ సంగతి. రాత్రి పడుకునే ముందు మీరు స్విచ్ బోర్డు దగ్గర ఆపేస్తారా? ఆపేస్తుంటే దాదాపు ఖాయంగా ఇదే. ఆపకపోతే ఇంకో కారణం ఉండొచ్చు. మీరు కొత్త డిస్క్ పీకి పెట్టిన ప్రతిసారీ కొన్ని బయోస్‌లు వరుసని తమకు తోచినట్టు మళ్లీ పేర్చుకుంటాయి. కాబట్టి ఆ పీకడం, పెట్టడం ఆపేసి, రెండూ తగిలించి ఉంచి వరుస ఒకసారి సరిచేయండి. బయోస్‌లో ఉన్నప్పుడు సాటా మోడ్ అని ఐడీఈ, ఏహెచ్‌సీఐ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే రెండు పద్ధతులు) కనబడితే దాన్ని మార్చకండి. విండోస్ వేసినప్పుడు ఉన్న మోడ్ మారిపోతే నీలం తెర వచ్చే అవకాశం ఎక్కువ. బ్యాటరీ చచ్చి మోడ్ దానంతటదే మారిపోయినా ఇదే జరుగుతుంది, అప్పుడు మళ్లీ పాత మోడ్‌కే మార్చేస్తే చాలు.

ఇంకోటి, విండోస్ వచ్చాక డిస్క్ మేనేజ్‌మెంట్ ‘ఇనిషియలైజ్ చేయాలా’, ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే ఓకే కొట్టకండి, ఇప్పుడు దాంట్లో మీ ఫొటోలున్నాయి. డ్రైవ్ కనబడకపోవడానికి చాలాసార్లు కారణం అక్షరం కేటాయించకపోవడమే, రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇస్తే వచ్చేస్తుంది.

కొట్టువాడి మీద అనుమానం తీరాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసి పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ ఇప్పటిదాకా ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో చూడండి. ఆపకుండా నడిస్తే ఏడాదికి 8,760 గంటలు. కొత్తదని అమ్మిన డిస్క్ వేల గంటలు చూపిస్తే అది ఎక్కడో సీసీటీవీ రికార్డర్‌లో పగలూ రాత్రీ తిరిగి వచ్చిన సరుకు అయి ఉండొచ్చు, బిల్లు పట్టుకుని నిలదీయండి. అయితే ఆ లెక్కని సున్నా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి, సున్నా ఉందని పూర్తిగా నమ్మడానికీ లేదు. అదే సాఫ్ట్‌వేర్ చూపించే పట్టికలో సీ5 అనే వరుస దగ్గర సున్నా కాకుండా అంకె ఉంటే డిస్క్‌లో చదవలేని చోట్లున్నాయని, ఫొటోల కాపీ వెంటనే వేరే చోట పెట్టుకోండి. సీ7 పెరుగుతూ పోతుంటే మాత్రం చాలావరకు డేటా కేబుల్‌దే తప్పు.

ముందు ఒక్క పని చేయండి. ఈ రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపేసి, రేపు పొద్దున నేరుగా బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైము చూడండి. అక్కడ ఏం కనబడిందో, మీ బోర్డు మోడల్ ఏంటో ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.