ఆస్ట్రేలియాలో రెండు వారాలు: ఏది చూడాలి, ఏది వదలాలి

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ, మావారూ, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయీ వచ్చే మే నెలలో రెండు వారాల పాటు అక్కడికి వెళ్లాలనుకుంటున్నాము. మెల్‌బోర్న్, సిడ్నీ, గోల్డ్ కోస్ట్, కెయిర్న్స్, ఉలూరు, పెర్త్ అన్నీ ఆ పద్నాలుగు రోజుల్లోనే చూపిస్తామని ఒక ట్రావెల్ ఏజెంటు అంటున్నారు. అది అయ్యే పనేనా? మే నెలలో అక్కడ చలి ఎక్కువగా ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: అవుతుంది గాని, మీరు ఎక్కువగా చూసేది విమానాశ్రయాలనే. ఆస్ట్రేలియా వైశాల్యంలో మన దేశానికి రెండింతలకు పైగా ఉంటుంది. సిడ్నీ నుంచి పెర్త్‌కు విమానంలోనే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేసి, పెట్టెలు సర్దుకుని, విమానం ఎక్కి దిగి, కొత్త బసకు చేరేసరికి ఒక పగలు గడిచిపోతుంది. అందువల్ల పెర్త్‌నూ గోల్డ్ కోస్ట్‌నూ ఉలూరునూ ఈసారికి వదిలేయండి. గోల్డ్ కోస్ట్‌కు ప్రధాన ఆకర్షణ ఇసుక తీరాలు, థీమ్ పార్కులు. వాటి కోసం అంత దూరం నుంచి వచ్చి రెండు రోజులు ఖర్చు చేయడం దండగని నా అభిప్రాయం. అబ్బాయి ఇల్లు ఉంది కాబట్టి మెల్‌బోర్న్‌లో ఆరు రోజులు, కెయిర్న్స్‌లో మూడు, సిడ్నీలో నాలుగు ఉంచుకుంటే ప్రయాణం నెమ్మదిగా, తృప్తిగా సాగుతుంది.

ఇక చలి సంగతి. మనకు ఎండలు మండే మే నెల అక్కడ శరత్కాలంలో చివరి నెల. మెల్‌బోర్న్‌లో పగలు సుమారు పదహారు, పదిహేడు డిగ్రీలు, రాత్రి ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు ఉంటుంది. అనంతపురం ఎండకు అలవాటు పడిన ఒంటికి ఇది చలే గనుక స్వెటర్‌తో పాటు గాలిని ఆపే జాకెట్ కూడా తీసుకువెళ్లాలి. ఉత్తరాన ఉన్న కెయిర్న్స్‌లో మాత్రం అప్పటికి వానలు తగ్గి హాయిగా ఉంటుంది. అక్కడి సముద్రంలో ప్రాణాంతకమైన జెల్లీ చేపల బెడద సాధారణంగా నవంబరు నుంచి మే వరకు ఉంటుంది. కాబట్టి కెయిర్న్స్‌ను నెలాఖరుకు పెట్టుకుంటే మంచిది, నీటిలో దిగేటప్పుడు పడవవాళ్లు ఇచ్చే నిండు సూటు వేసుకోవడం ఇంకా మంచిది.

మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు నగరం కంటే నగరం బయట ఎక్కువ చూడండి. ఊరి నడిబొడ్డున ట్రాములు ఉచితం కనుక ఒక రోజులో ముఖ్యమైనవన్నీ చుట్టి రావచ్చు. సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని ఫిలిప్ ద్వీపంలో ప్రపంచంలోకెల్లా చిన్న పెంగ్విన్‌లు ఉంటాయి. జానెడున్నర ఎత్తు కూడా లేని ఆ పక్షులు పగలంతా సముద్రంలో వేటాడి, పొద్దు గుంకాక గుంపులుగా ఒడ్డుకు చేరి, ఒకదాని వెనుక ఒకటి ఇసుక మీదుగా తమ బొరియలకు నడిచి వెళతాయి. డిసెంబరులో వెళ్లినవారు వాటి కోసం రాత్రి తొమ్మిది దాకా కాచుకోవాలి. మే నెలలో ఐదుంపావుకే సూర్యాస్తమయం గనుక మీరు భోజనాల వేళకు ఇల్లు చేరవచ్చు. అక్కడ ఫొటోలు తీయడం నిషేధం. మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

రెండవది గ్రేట్ ఓషన్ రోడ్డు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు 1919 నుంచి 1932 వరకు శ్రమించి, కొండ అంచులు తొలిచి వేసిన 243 కిలోమీటర్ల దారి ఇది. ఆ దారి పక్కన సముద్రంలో నిలిచిన ‘పన్నెండు అపోస్తలులు’ అనే శిలాస్తంభాలను చూసి అదే రోజు తిరిగి రావాలని చాలామంది తెల్లవారుజామున బయలుదేరుతారు, పొద్దంతా కారులోనే కూర్చుంటారు. అలా కాకుండా పోర్ట్ క్యాంప్‌బెల్‌లోనో అపోలో బేలోనో ఒక రాత్రి ఉండండి. పేరుకు పన్నెండైనా అవి ఎన్నడూ పన్నెండు లేవు. 2005లో ఒకటి కళ్లెదుటే కూలిపోయింది కూడా. మన బెలుం గుహల మాదిరిగానే అవీ సున్నపురాయే. బెలుంలో భూగర్భ జలం లోపలి నుంచి తొలిచిన పనిని అక్కడ సముద్రపు అలలు బయటి నుంచి చేస్తున్నాయి.

కెయిర్న్స్ నుంచి గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కు పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. 2,300 కిలోమీటర్లకు పైగా వ్యాపించిన ఈ పగడపు దిబ్బల వరుసను యునెస్కో 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈత రానివారు గ్రీన్ ఐలండ్‌కు వెళితే అద్దపు అడుగు ఉన్న పడవలో కూర్చుని పగడాలను చూడవచ్చు.

సిడ్నీలో ఆపెరా హౌస్‌ను దగ్గరికి వెళ్లి చూడటం ఒక ఎత్తు, సర్క్యులర్ కీ అనే రేవు నుంచి మ్యాన్లీకి వెళ్లే ఫెర్రీ నుంచి చూడటం ఒక ఎత్తు. మామూలు టికెట్టుతో అరగంటలో వంతెన, ఆపెరా హౌస్, రేవు అన్నీ కనిపిస్తాయి. సెంట్రల్ స్టేషన్ నుంచి రైలులో రెండు గంటలు వెళితే బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబా వస్తుంది. నగరానికి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వర స్వామి ఆలయం ఉంది. మే చివరి వారం దాకా ఉండగలిగితే వివిడ్ ఉత్సవపు దీపాలు కూడా చూడవచ్చు. సముద్రంలో దిగితే మాత్రం ఎరుపు, పసుపు జెండాల మధ్యనే దిగండి. ఆ జెండాలు దాటితే లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, సముద్రం ఎరగని సీమవాళ్లం మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ప్రశ్న: డెబ్బై ఏళ్ల మా నాన్నగారికి గండికోట అంటే ప్రాణం. ఆయనను ఉలూరు శిల చూపించడానికి తీసుకువెళ్లాలని ఉంది. దానిని ఎక్కవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఎక్కకూడదు. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న ఆ శిల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రమైనది. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ భూమిని వారికి తిరిగి అప్పగించగా, సరిగ్గా అదే తేదీన 2019లో ఎక్కడాన్ని శాశ్వతంగా ఆపేశారు. ఎక్కలేకపోతున్నామని చింతించవలసిన పని లేదు. 348 మీటర్ల ఆ ఎర్రరాయి అందం కింద నుంచి చూసినప్పుడే తెలుస్తుంది. చుట్టూ తిరిగే దారి పది కిలోమీటర్లకు పైనే ఉంటుంది గనుక నాన్నగారిని ముటిజులు నీటిమడుగు దాకా ఉన్న చిన్న, చదునైన బాటలో నడిపించండి. రాతి గోడల మీద ప్రాచీన చిత్రాలు అక్కడ కనిపిస్తాయి. కొన్ని చోట్ల ఫొటోలు తీయవద్దని బోర్డులు ఉంటాయి, వాటిని పాటించండి. దగ్గరి పెద్ద పట్టణమైన ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రోడ్డు మీద సుమారు 450 కిలోమీటర్లు కాబట్టి, ఆయన వయసును బట్టి నేరుగా ఉలూరు పక్కనే ఉన్న విమానాశ్రయానికి వెళ్లండి. మే నుంచి ఆగస్టు వరకు పగలు ఎండ బాధ ఉండదు, రాత్రులు మాత్రం వణికిస్తాయి. ఈగలు ముసిరే కాలమైతే మొహానికి వల కట్టుకోవలసి వస్తుంది.

ప్రశ్న: కోడలి కోసం పొడులు, ఎండుమిర్చి, వేరుశనగలు తీసుకువెళ్లవచ్చా? వీసా ఎలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఖాప్రా అనే ధాన్యపు పురుగు భయంతో బియ్యం, పప్పుధాన్యాలు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి, వేరుశనగ వంటివి ప్రయాణికుల సామానులో రానివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు కూడా కుదరవు. ఇవన్నీ అక్కడి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి గనుక మోయడం అనవసరం. పొడులో పచ్చళ్లో ఏవి తీసుకువెళ్లినా, విమానంలో ఇచ్చే కార్డులో ఆహారపదార్థాలు ఉన్నాయని తప్పక రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచితే అక్కడికక్కడే భారీ జరిమానా వేస్తారు. వీసాకు సబ్‌క్లాస్ 600 సందర్శకుల వీసా కింద ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేసుకోండి. రుసుము తిరిగి రాదు గనుక బ్యాంకు స్టేట్‌మెంటు, కొడుకు రాసిన ఆహ్వానపత్రం ముందే సిద్ధం చేసుకుని, ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే పంపండి. వీసా వచ్చాకే టికెట్లు కొనండి.