సర్వర్ గడియారం ముందుకు నడుస్తోందా?

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర మాకో చిన్న డీటీపీ షాపు ఉంది సార్. మూడు లినక్స్ సిస్టమ్‌లు, ఫైళ్లన్నీ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) సర్వర్‌లో. సేవ్ చేస్తే ఫైల్ టైమ్ రెండు నిమిషాలు ముందుకు చూపిస్తోంది, పక్క సిస్టమ్‌లో మార్పు వెంటనే కనపడదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: ఇవి రెండు వేర్వేరు గొడవలు. మీరు రాసింది ముందు మీ సిస్టమ్ మెమరీలోనే ఆగుతుంది, ఫైల్ మూసినప్పుడో అంతకుముందో సర్వర్‌కి వెళ్తుంది, అక్కడ పడే టైమ్ మామూలుగా సర్వర్ గడియారానిదే. అంటే రెండు నిమిషాల తేడా గడియారాలది, అన్నిటికీ క్రోనీ (గడియారాలను సరిచేసే ప్రోగ్రాం) పెట్టండి, పోతుంది. టైమ్‌తో సహా కాపీ చేస్తే మాత్రం పాత టైమే వస్తుంది.

ఇక రెండోది. పక్క సిస్టమ్ ఫైల్ వివరాలను కాసేపు దాచుకుంటుంది, లినక్స్‌లో డిఫాల్ట్‌గా 3 నుంచి 60 సెకన్లు. మీరు ఫైల్ మూశాక వాళ్లు కొత్తగా తెరిస్తే సర్వర్‌ని అడిగి చూస్తుంది, ముందే తెరిచి పెట్టుకుంటే పాతదే కనపడొచ్చు. చాలామంది నోఏసీ (ఇలా వివరాలు దాచుకోవడాన్ని ఆపేసే ఆప్షన్) పెట్టేయమంటారు, నేనైతే వద్దంటాను, దాంతో రాతలు కూడా అప్పటికప్పుడు సర్వర్‌కి వెళ్లాల్సిందే కాబట్టి పని నత్తనడక అవుతుంది.

అన్నట్టు, సర్వర్ ఎక్స్‌పోర్ట్‌లో (ఫోల్డర్లు పంచే సెట్టింగులో) 'ఏసింక్' అనే ఆప్షన్ ఉందేమో చూడండి. ఉంటే డిస్కులో పడకముందే 'అయింది' అనేస్తుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఆ ఫైల్ గతి చెప్పలేం. దాన్ని 'సింక్'గా మార్చి, యూపీఎస్ పెట్టుకోండి.